తమ్ముడి మెదడు స్కాన్ నా దగ్గరే ఉంది, వాడికి ఏమని చెప్పను?

ఈ వారం ఉత్తరం రాసినవారు గోదావరి ప్రాంతానికి చెందిన ఇరవై తొమ్మిదేళ్ల యువతి. వేరే రాష్ట్రంలోని ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నారు. పేరు వద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరాన్ని, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి, కుదించి ఇస్తున్నాను.

ఆమె పరిశోధన కుంగుబాటు చికిత్స మీద. మందు మొదలుపెట్టక ముందే రోగికి ఫంక్షనల్ ఎంఆర్ఐ తీస్తారు. మెదడులో ఏ భాగం ఏ భాగంతో కలిసి పనిచేస్తోందో చూస్తారు. డాక్టర్లు సాధారణంగా మొదట రాసే ఎస్ఎస్ఆర్ఐ రకం మాత్రలతో ఆ మనిషి తేరుకుంటాడా లేదా అన్నది కంప్యూటర్ మోడల్ చేత ముందుగా చెప్పించాలన్నది ఆమె ప్రయత్నం. వందమందికి పైగా రోగుల స్కాన్లతో మోడల్ తయారైంది. సొంత సంస్థలోని స్కాన్ల మీద పరీక్షిస్తే ప్రతి ముగ్గురిలో ఇద్దరి విషయంలో సరిగ్గా చెప్పింది. వేరే ఊరి ఆసుపత్రిలో తీసిన స్కాన్లు ఇస్తే మాత్రం బొమ్మా బొరుసూ వేసినదానికీ దానికీ తేడా లేకపోయింది. "బయటి స్కాన్ల ఫలితం థీసిస్‌లో వద్దు, భవిష్యత్తులో చేయాల్సిన పని అని ఒక్క వాక్యం రాసి వదిలెయ్యి" అని గైడు అంటున్నారట.

అసలు బాధ ఇంట్లో ఉంది. తమ్ముడికి ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు చదువుతూ, ఏడాదిగా గదిలోంచి బయటకు రావడం తగ్గించాడు. నిద్ర లేదు, తిండి మీద ధ్యాస లేదు, స్నేహితుల ఫోన్లు ఎత్తడు. ఊళ్లోని సైకియాట్రిస్టు రాసిన మొదటి మందును వికారంగా ఉందని మూడో వారంలోనే మానేశాడు. రెండో మందు మొదలైన రెండో వారంలో, దసరాకు అక్క దగ్గరకు వచ్చాడు. అదే సమయంలో స్కానర్ అమరికలు సరిచూసుకోవడానికి ల్యాబ్‌లో ఇద్దరు ముగ్గురు మనుషులు కావాల్సి వచ్చారు. "నేను పడుకుంటానక్కా" అన్నాడు. సమ్మతి పత్రం మీద సంతకం చేశాడు. అతను తన తమ్ముడని, మందు వాడుతున్నాడని ఆమె ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి ఒంటరిగా కూర్చుని ఆ స్కాన్‌ను తన మోడల్‌కు ఇచ్చారు. ఈ రకం మందుతో తేరుకోడని మోడల్ చెప్పింది.

"మూడు వారాలుగా నాకు నిద్ర పట్టడం లేదు. వాడు రోజూ ఫోన్ చేసి 'అక్కా, నా మెదడులో ఏం కనిపించింది?' అని అడుగుతున్నాడు. ఇంకా చూడలేదని అబద్ధం చెబుతున్నాను. మొన్న 'నేను అందరికీ భారమయ్యానక్కా' అన్నాడు. మా నాన్న రిటైరైన మాస్టారు. కుంగుబాటులో ఆరు రకాలున్నాయనీ, స్కాన్‌లో అవి తెలుస్తాయనీ వచ్చిన వార్తను పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నారు. 'నాలుగేళ్లుగా దీని మీదే కదమ్మా చదువుతున్నావు, తమ్ముడికి ఏ మందు పడుతుందో చెప్పలేవా' అంటారు. చెప్పాలా, దాచాలా? చేసింది గైడుకు చెబితే నా డిగ్రీ పోతుందా? సొంత తమ్ముడికే పనికిరాని ఈ పరిశోధన ఇంకా ఎందుకు? సంక్రాంతికి ఇంటికి వెళ్లనా, థీసిస్ ఇచ్చాకే వెళ్లనా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ఎనిమిది పేజీల్లో ఏడున్నర పేజీలు స్కాన్ గురించి రాశారు. "నేను అందరికీ భారమయ్యాను" అన్న మాటకు ఒక్క పంక్తి ఇచ్చారు. నేను ఆ పంక్తి నుంచి మొదలుపెడతాను. ఇన్నేళ్లుగా కుంగుబాటు రోగులను చూస్తున్న నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట అదే.

ఈ రోజే ఫోన్ చేసి అతన్ని సూటిగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగితే చాలామందికి గుండెలో బరువు కాస్త దిగుతుంది, ఎవరికీ చెప్పుకోలేనిది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే, ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలి, డాక్టరుకు అదే రోజు తెలియాలి, మాత్రల షీట్లు మీ అమ్మగారి దగ్గర ఉండి ఏ రోజుది ఆ రోజు చేతికివ్వాలి. ప్రభుత్వం నడిపే టెలీ-మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు అతని ఫోన్‌లోనూ మీ నాన్నగారి ఫోన్‌లోనూ ఉండనివ్వండి. అలాంటి ఆలోచన లేదని చెబితే, ఊపిరి పీల్చుకోండి, కానీ వారం తర్వాత మళ్లీ అడగండి. ఇరవై అయిదేళ్ల లోపు వారిలో ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు కొందరిలో పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రలతో వచ్చే సమాచార పత్రంలోనే గడి కట్టి హెచ్చరిక వేయిస్తోంది. 2004లో పిల్లల విషయంలో చెప్పిన హెచ్చరికను 2007లో ఇరవై నాలుగేళ్ల వయసు వరకూ పొడిగించారు. మందు మానేయమని దాని అర్థం కాదు. మనిషిని కనిపెట్టి ఉండమని అర్థం. మీ తమ్ముడి వయసు ఇరవై మూడు.

ఇక స్కాన్ సంగతికి వద్దాం.

మీ మోడల్ చెప్పిన జవాబును ఒక్కసారి పక్కింటి అబ్బాయి గురించి వచ్చిన జవాబు అనుకుని చూడండి. మీ మోడల్ నేర్చుకున్నదంతా ఇంకా మందు మొదలుపెట్టనివారి స్కాన్ల నుంచి. మీ తమ్ముడు స్కానర్‌లో పడుకునేనాటికి రెండు వారాలుగా మాత్ర వేసుకుంటున్నాడు. ఆ మాత్ర మెదడులో ఏమీ మార్చదనుకుంటే అసలు మీ పరిశోధనే ఉండదు కదా. పైగా ఆ రోజు స్కానర్‌ను అమరికలు సరిచూసుకోవడానికి నడుపుతున్నారని మీరే రాశారు. మీ జూనియర్ ఎవరైనా ఇలాంటి స్కాన్‌ను మోడల్‌కు ఇచ్చి జవాబు తెస్తే, ఇది లెక్కలోకి రాదని మీరు నిమిషంలో కొట్టేసేవారు. ఆ రాత్రి కొట్టేయలేకపోయారంటే, అప్పుడు కుర్చీలో కూర్చున్నది పరిశోధకురాలు కాదు, భయపడిన అక్క. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఆ జవాబు మీ తమ్ముడికి వర్తించదు. ముందు మీరు దీన్ని నమ్మాలి, ఎందుకంటే ఆ తర్వాత ఎవరికి ఏం చెప్పినా మీ గొంతులో అదే వినిపిస్తుంది.

పోనీ, అన్నీ సవ్యంగా జరిగాయనే అనుకుందాం. మీ తమ్ముడిలాంటి వారు 100 మంది, వారిలో సగంమంది ఈ మందుతో తేరుకుంటారనుకోండి. మీ మోడల్ ముగ్గురిలో ఇద్దరి విషయంలో సరిగ్గా చెబితే, తేరుకోబోయే 50 మందిలో సుమారు 17 మందిని "తేరుకోరు" అంటుంది. నిజంగానే తేరుకోని 50 మందిలో సుమారు 33 మందిని అలా అంటుంది. అంటే "తేరుకోరు" అనిపించుకున్న 50 మందిలో 17 మంది నిక్షేపంగా కోలుకునేవారే. ఇది మీ సొంత స్కానర్ మీది లెక్క. వేరే ఊరి స్కాన్ల లెక్క తీసుకుంటే ఆ 17 పెరిగి 25 దగ్గరకు వస్తుంది, మోడల్ ఉన్నా లేకపోయినా ఒకటే. వందమంది సగటు గురించి ఎంతో కొంత చెప్పగలిగిన పరికరం, మన ఇంట్లోని ఒక్క కుర్రాడి గురించి చెప్పలేకపోవచ్చు. మీ రంగం మొత్తం ఇప్పుడు తలపడుతున్న ముడి ఇదే.

ఆ ముడి మీకు తెలియనిది కాదు. అయినా మీ నాన్నగారికి వివరించేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను. ఆయన కత్తిరించి దాచుకున్న వార్త బహుశా 2024లో స్టాన్‌ఫర్డ్‌లో లియాన్ విలియమ్స్ బృందం ప్రచురించిన పరిశోధన గురించి. కుంగుబాటు, ఆందోళన ఉన్న 801 మంది మెదడు చిత్రాలను చూసి ఆరు రకాలుగా విడదీశారు. వారిలో 250 మందికి మూడు రకాల మందుల్లో ఒకటో, మాటలతో చేసే చికిత్సో ఇచ్చి చూశారు. ఒక రకంవారు ఒక మందుతో, ఇంకో రకంవారు మాటల చికిత్సతో ఎక్కువ మెరుగయ్యారు. మంచి పని. కానీ 2017లో ఇలాగే వెయ్యిమందికి పైగా స్కాన్లతో నాలుగు రకాలున్నాయని డ్రైస్‌డేల్, లిస్టన్ బృందం చెప్పినప్పుడూ ఇంతే ఆశ కలిగింది. 2019లో డింగా బృందం తమ రోగుల మీద అదే పద్ధతిని ప్రయత్నిస్తే ఆ నాలుగు రకాలూ నిలబడలేదు. అందుకే ఆరు రకాల వార్త చదివినప్పుడు నేను సంతోషించాను, నా ప్రిస్క్రిప్షన్ మాత్రం మార్చలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. చెప్పాలా, దాచాలా?

మోడల్ జవాబును ఉన్నదున్నట్టు చెప్పేస్తే ఏమవుతుందో ఊహించండి. "నీకు ఈ మందు పనిచేయదు" అన్న మాట సొంత అక్క నోటి నుంచి, అదీ మెదళ్ల మీద పరిశోధన చేసే అక్క నోటి నుంచి వస్తే, మందు మొదలుపెట్టి అయిదో వారంలో ఉన్న కుర్రాడు మర్నాడే మాత్ర పక్కన పెడతాడు. హఠాత్తుగా మానేస్తే తలతిప్పడం, చిరాకు, నిద్రలేమి వస్తాయి. అంతకంటే పెద్ద నష్టం, ఇక ఏ మందు మీదా నమ్మకం ఉండదు. పనిచేయదన్న నమ్మకంతో మింగిన మాత్ర ఇచ్చే ఉపశమనం తగ్గుతుందన్నది వైద్యంలో అందరికీ తెలిసిన విషయమే.

ఏమీ చెప్పకుండా "ఇంకా చూడలేదు" అంటూ నెట్టుకొస్తే? కుంగిన మనసు మౌనాన్ని ఎప్పుడూ చెడుగానే చదువుతుంది. రోజూ అడుగుతున్నాడంటే, మీ గొంతులో తడబాటు అప్పటికే విన్నాడు. నా మెదడులో ఏదో బాగా పాడైంది, అందుకే అక్క దాస్తోంది అనుకుంటూ ఉండవచ్చు. మీరు చెప్పని మాట కంటే అతను ఊహించుకునేది చాలా పెద్దదిగా ఉంటుంది.

ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది. నా మొగ్గు దానివైపే, ఎంచుకోవాల్సింది మాత్రం మీరే. మోడల్ జవాబు గురించి కాకుండా, మోడల్ గురించి నిజం చెప్పడం. "నీ స్కాన్‌ను నా ప్రోగ్రాంలో వేసి చూశాను. అలా చూడకూడదు, నువ్వు ఒప్పుకున్నది దానికి కాదు, తప్పు నాదే. ఆ ప్రోగ్రాం మందు వాడనివారి కోసం చేసింది, నువ్వు వాడుతున్నావు. వేరే ఊరి స్కాన్ల మీద పెడితే అది సరిగ్గా చెప్పనే లేదు. అందుకే దాని జవాబుకు విలువ లేదు, నేను పక్కన పడేశాను." ఇంత చెప్పాక "ఏమని వచ్చింది" అని పట్టుబడతాడేమో. అప్పుడు మాత్రం చెప్పక తప్పదని నా ఉద్దేశం, కానీ ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని, పైన రాసిన వంద మంది లెక్క కాగితం మీద వేసి చూపించి. ఇందులో ప్రమాదం లేదని నేననను. కొద్ది రోజులు మీ మీద కోపం రావచ్చు, లెక్క వదిలేసి "పనిచేయదు" అన్న ముక్కనే పట్టుకోవచ్చు. అందుకే ముందుగా అతని డాక్టరుతో ఒక మాట అనుకోండి. చెప్పేది ఎప్పుడన్నది ఆయన సలహాతో నిర్ణయించుకోవచ్చు.

మెదడులో గడ్డలాంటిదేమైనా ఉందా అన్నది వేరే ప్రశ్న. పరిశోధన స్కాన్ వైద్య స్కాన్ కాదు. అయినా చాలా సంస్థల్లో ఆ చిత్రాలను రేడియాలజిస్టు ఒకసారి చూసే ఏర్పాటు ఉంటుంది. మీ దగ్గర ఉంటే అది జరిగిందో లేదో కనుక్కోండి. జరిగి ఉంటే, ఆ సంగతి తమ్ముడికి నిశ్చింతగా చెప్పవచ్చు.

గైడు విషయం. మీరు చేసినది ఏమిటో పేరు పెట్టి చెప్పుకుందాం. పరికరం సరిచూసుకోవడానికి ఇచ్చిన సమ్మతితో తీసిన స్కాన్‌ను వేరే పనికి వాడారు. మందు వాడుతున్న సంగతి, బంధుత్వం దాచారు. మన దేశంలో ఇలాంటి పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి, ఒప్పుకున్న పద్ధతి తప్పినప్పుడు పరిశోధనలో నైతిక నియమాలు చూసే ఎథిక్స్ కమిటీకి తెలపాలి. మీరే వెళ్లి చెబితే జరిగేది సాధారణంగా ఒక రిపోర్టు, ఆ స్కాన్ తొలగింపు, గట్టి మందలింపు, బహుశా మరోసారి శిక్షణ. డిగ్రీ పోయే అవకాశం తక్కువ. పోనే పోదని మాత్రం మీ సంస్థ నియమాలు తెలియని నేను హామీ ఇవ్వలేను. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. కానీ కంప్యూటర్‌లో ఆ ఫైలు ఎవరు, ఏ రోజు, ఏ గంటకు తెరిచారో నమోదై ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఎవరో కనిపెడితే అప్పుడది భయంలో చేసిన పొరపాటుగా కనిపించదు, దాచిన తప్పుగా కనిపిస్తుంది. పైగా ఆ స్కాన్ పొరపాటున మీ విశ్లేషణలో కలిస్తే నాలుగేళ్ల పని మీద మచ్చ పడుతుంది. గైడుకు చెప్పడం కష్టమనిపిస్తే, కమిటీ సభ్య కార్యదర్శిని ముందుగా కలిసి పద్ధతి ఏమిటని అడగవచ్చు. అయితే గైడు తననొదిలి పైకి వెళ్లారని నొచ్చుకునే అవకాశం ఉంది. ఆయన స్వభావం మీకే తెలుసు.

బయటి స్కాన్ల మీద మోడల్ విఫలమైన అధ్యాయం గురించి నాకు దాపరికం లేని అభిప్రాయం ఉంది: అది మీ థీసిస్‌లో ఉండాలి. మీ రంగంలో ఈ పదేళ్లలో జరిగిన గొప్ప పనుల్లో చాలా భాగం ఇలాంటి నిజాయితీ లెక్కలే. 2020లో 70 బృందాలకు ఒకే ఎంఆర్ఐ సమాచారం ఇచ్చి ఒకే ప్రశ్నలు అడిగితే జవాబులు తలో రకంగా వచ్చాయి. 2022లో మారెక్ బృందం, మెదడు కొలతలకూ మనిషి ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే వేలమంది కావాలని చూపించింది. అదే ఏడాది వింటర్ బృందం 1,800 మందికి పైగా మనుషుల్లో కుంగుబాటు ఉన్నవారినీ లేనివారినీ మెదడు కొలతలతో విడదీయబోతే, ఏ ఒక్క కొలతా నూటికి 56కు మించి సరిగ్గా చెప్పలేదు. వీటిని ఎవరూ ఓటమి అనలేదు. మీ అధ్యాయం వీటి పక్కన నిలబడుతుంది.

గైడుతో తగువు పెట్టుకోమని కాదు. "ఇది పెట్టకపోతే పరీక్షకులు బయటి స్కాన్ల మీద చూశారా అని అడుగుతారు, అప్పుడు నేను వైవాలో అబద్ధం చెప్పలేను" అని అడిగి చూడండి. ప్రధాన ఫలితం పక్కనే పెట్టమంటే ఆయన ఒప్పుకోకపోవచ్చు, విడి అధ్యాయంగా, స్కానర్ల మధ్య తేడా ఎందుకొస్తుందన్న ప్రశ్నగా అయితే ఒప్పుకోవచ్చు. అలా చేస్తే థీసిస్ మూడు నాలుగు నెలలు ఆలస్యం కావచ్చు, ఫెలోషిప్ గడువు చూసుకోవాలి. ఆయన చెప్పినట్టే ఒక్క వాక్యంతో వదిలేస్తే సకాలంలో డిగ్రీ వస్తుంది, కానీ మీ పేపర్ చదివి ఇంకెవరో అక్క ఇంకో తమ్ముడి స్కాన్‌ను మోడల్‌కు ఇస్తుంది. ఆ రాత్రి ఎలా ఉంటుందో మీకంటే తెలిసినవారు లేరు.

తమ్ముడికే పనికిరాని పరిశోధన ఎందుకన్నారు. ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను. ఈ రోజుకీ మేము మందు ఎంచుకునే పద్ధతి ఒకటి ఇచ్చి, ఆగి, చూసి, మార్చడమే. అమెరికాలో సుమారు నాలుగు వేల మందితో జరిపి 2006లో ఫలితాలు వెల్లడించిన స్టార్-డీ అధ్యయనంలో, మొదటి మందుతోనే లక్షణాలు దాదాపు పూర్తిగా తగ్గినవారు మూడింట ఒక వంతు. మిగిలినవారికి వారాల తరబడి ఎదురుచూపు. ఆ ఎదురుచూపులో ఉద్యోగాలు, చదువులు, ఒక్కోసారి మనుషులే పోతారు. దాన్ని తగ్గించాలని ప్రయత్నించడం వృథా కాదు. 2013లో హెలెన్ మేబర్గ్ బృందం, మెదడులో ఇన్సులా అనే భాగం చురుకుదనాన్ని బట్టి ఎవరికి మాత్ర, ఎవరికి మాటల చికిత్స కుదురుతుందో సూచన దొరికిందని చెప్పినప్పుడు నేను ఆ పేపరును రెండుసార్లు చదివాను. ఆ సూచన ఇంకా ఆసుపత్రి గదిలోకి రాలేదు. అయస్కాంత తరంగాలతో మెదడును ప్రేరేపించే చికిత్సలో, ఎక్కడ ప్రేరేపించాలో ఫంక్షనల్ ఎంఆర్ఐతో చూసే స్టాన్‌ఫర్డ్ పద్ధతికి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే 2024లో బ్రిటన్‌లో 255 మందితో చేసిన బ్రైట్‌మైండ్ పరీక్షలో, అలా చూసి గురిపెట్టినా మామూలు ఎంఆర్ఐతో గురిపెట్టినా ఫలితంలో తేడా కనిపించలేదు. దారి ఇలా ముందుకూ వెనక్కూ సాగుతోంది. మీరు ఆ దారిలో ఉన్నారు. మానేస్తే మానేయవచ్చు, అది మీ ఇష్టం, డేటా విశ్లేషణ తెలిసిన మీకు పని దొరక్కపోదు. కానీ ఆ నిర్ణయం నిద్రలేని ఈ మూడు వారాల్లో తీసుకోకండి. నిద్ర ఇంకా రాకపోతే మీరూ ఒక డాక్టరును కలవండి.

మీ నాన్నగారి ప్రశ్నకు నిజానికి మంచి జవాబు ఉంది. తమ్ముడికి తగిన మందు ఎంచుకోవడానికి స్కాన్ లేకుండానే తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఇంట్లోవాళ్లే చెప్పగలరు. మొదటి మందును మూడో వారంలోనే మానేశాడు కాబట్టి అది పనిచేయలేదని రాసుకోకూడదు. సరైన మోతాదులో నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే గాని తెలియదు. ఆ వికారం ఆహారం తిన్నాక వేసుకుంటే, మోతాదు నెమ్మదిగా పెంచితే తగ్గేదేమో డాక్టరును అడగాలి. థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు చేయించారా? ఇంట్లో, మేనమామల వైపో పెదనాన్నల వైపో ఎవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా, ఏ మందుతో తగ్గింది? ఎప్పుడైనా రోజుల తరబడి నిద్రే అక్కర్లేనంత హుషారుగా, అతిగా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తూ ఉన్నాడా? ఉంటే అది అతి హుషారూ కుంగుబాటూ మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు, అప్పుడు మందుల దారే మారుతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద మాస్టారి దస్తూరీతో రాసి డాక్టరుకు ఇవ్వమనండి. ఆయన చేతికి ఏదో ఒక పని కావాలి, అందుకే పేపర్లు కత్తిరిస్తున్నారు. మాటల చికిత్స గురించి కూడా అడగమనండి, మీ ఉత్తరంలో ఎక్కడా దాని ప్రస్తావన లేదు.

చివరి ప్రశ్న సంక్రాంతికి వెళ్లాలా, థీసిస్ ఇచ్చాక వెళ్లాలా అని. సంక్రాంతి దాకా ఆగకండి. శుక్రవారం రాత్రి రైలెక్కండి. లాప్‌టాప్ హాస్టల్లో వదిలి వెళ్లండి. వాడు అడగబోయేది మెదడు గురించి, మీరు మాత్రం పొద్దున ఎన్నింటికి లేస్తున్నాడో, ఏం తింటున్నాడో, మాత్ర ఎవరిస్తున్నారో చూడండి. సాయంత్రం ఎండ చల్లబడ్డాక గోదావరి గట్టు మీదకు నడిపించుకెళ్లండి. రానంటే గదిలోనే పక్కన కూర్చోండి. ఆదివారం రాత్రి తిరిగి బయల్దేరే ముందు, సోమవారం డాక్టరు దగ్గరకు ఎవరు తీసుకెళతారో ఇంట్లో తేల్చుకోండి. ఆ తర్వాత ఏమైందో నాకు మళ్లీ రాయండి.